పటము పట్టిన చేయి, పలుగు పట్టిన చేయి

కొండను త్రవ్వి ఎలుకను పట్టుట అను సామెతను తెలుగువారు వ్యర్థప్రయాసకు మారుపేరుగా వాడుచుందురు. వినువారికి అది పరిహాసము. కాని నేలను త్రవ్వి పొట్టపోసికొనెడి నిరుపేదలకు అది నిత్యజీవితము. తెల్లవారుజామున పలుగును పారను భుజమున వేసికొని పోయినవాడు సాయంకాలమునకు ఏమి తెచ్చునో వానికి తెలియదు. వాని ఇల్లాలికిని తెలియదు. ఏదో కొంత దొరకిన దినము పండుగ. ఏమియు దొరకని దినములే పెక్కు. ప్రపంచ బ్యాంకు పక్షమున 2020లో వెలువడిన అంచనా ప్రకారము ఇట్టి గని శ్రామికులు సుమారు 80 దేశములలో నాలుగున్నర కోట్లమంది కలరు. వీరి చేతిలోని పలుగునకును, ప్రభుత్వ కార్యాలయముల బీరువాలలో భద్రముగా నున్న భూతత్త్వ పటములకును సంబంధ మేమైన కలదా? లేనిచో కల్పింపవలదా? ఆఫ్రికా ఖండమున పెక్కు ప్రభుత్వములను నేడు వేధించుచున్న ప్రశ్న ఇది. ఘనా దేశపు చరిత్రను పరిశీలించినచో ఈ ప్రశ్న యొక్క లోతు తెలియగలదు.

చిన్నగని యనగా యంత్రబలము తక్కువగను, దేహబలము ఎక్కువగను వినియోగపడు గని. ఒకచోట ఒక్క కుటుంబమే త్రవ్వుకొనును. మరియొకచోట పదిమంది కూలీలు జట్టుగా చేరి వచ్చిన దానిని పంచుకొందురు. బంగారము, వజ్రములు, రంగురాళ్లు మాత్రమే చిన్నగనుల పంట యనుకొనుట పొరపాటు. ఇండ్లకు రాయి, ఇటుకలకు మన్ను, గోడలకు సున్నము, వంటకు ఉప్పు పెక్కు దేశములలో ఇట్టి చేతులనుండియే వచ్చుచున్నవి. తెలుగునాట ఒక తరము వెనుకటి బడిపిల్లవాడు ఓనమాలు దిద్దిన పలక మార్కాపురపు నేలలోని రాతిపొరయే. ఆ పొరను ఉలితో చీల్చి, నునుపుచేసి, చట్రమునకు అందించిన శ్రామికుని పేరు ఏ వాచకములోను లేదు. అక్షరము నేర్చిన ఆ తరమువారందరును చిన్నగనికి ఋణపడియున్నవారే.

ఇక భూతత్త్వ సర్వే యన నేమి? ఒక దేశపు నేల క్రింద ఏ శిల ఎచ్చట నున్నది, అది ఎప్పుడు ఏర్పడినది, ఎటు వాలియున్నది, దానిలో ఏ ఖనిజములు కలవు అను విషయములను అడుగడుగునా నడచి తెలిసికొని పటములపై కెక్కించు ప్రభుత్వశాఖ యది. భారతదేశమున ఈ శాఖ 1851లో థామస్ ఓల్డ్‌హామ్ కలకత్తాకు వచ్చుటతో ఆరంభమైనది. ఆవిరి యంత్రములకు బొగ్గును వెదకుటయే నాటి ప్రథమోద్దేశము. ఆ శాఖకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలపై ప్రకటించిన గ్రంథము వలన మన సీమల పేర్లు భూతత్త్వశాస్త్రమున స్థిరపడినవి. మార్కాపురపు పలకరాయి ఆ కడప శిలాసముదాయములోనిదే.

నేడు ఘనా అని పిలువబడు నాటి గోల్డ్‌కోస్టులో ఇట్టి శాఖ 1913లో ఏర్పడినది. దాని తొలి అధిపతి ఆల్బర్ట్ కిట్సన్. మన కడప పేరు శిలలకు వచ్చినట్లే అచ్చటి బిరిమ్ నది పేరు ఆయన మూలమున పశ్చిమ ఆఫ్రికాలోని ప్రాచీన శిలలకు వచ్చినది. బిరీమియన్ అని పిలువబడు ఆ శిలలే ఘనా బంగారమునకు పుట్టినిండ్లు. కిట్సన్ 1914లో న్సూటా వద్ద మాంగనీసును, 1919లో బిరిమ్ లోయలో వజ్రములను కనుగొనెను. 1915లో వోల్టా నది వెంట పయనించుచు, అచ్చట ఆనకట్ట కట్టి విద్యుత్తు తీయవచ్చునని గుర్తించెను. ఆ భావమే ఏబదియేండ్లకు, 1965లో, అకొసొంబో ఆనకట్టగా రూపొందినది. సుత్తియు వ్రాతపుస్తకమును చేతబట్టి నడచిన ఒక ఉద్యోగి పరిశీలన అర్ధశతాబ్ది తరువాత ఒక జాతికి వెలుగు నిచ్చినదన్నచో, భూతత్త్వ సర్వే విలువను వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఆ పటములను చదివిన వారెవరు? ఇచ్చటనే చిక్కు ఆరంభమగుచున్నది. తెల్లవారు రాకమునుపే అకాన్ ప్రజలు శతాబ్దముల తరబడి బంగారమును త్రవ్వుచు, కడుగుచు, తూచుచు నుండిరి. ఒబువాసి ప్రాంతమున నాటుగోతులను ఆధారము చేసికొని ముగ్గురు ఫాంటీ వర్తకులు 1890లో త్రవ్వకపు హక్కును సంపాదించిరి. అనంతరము ఆ హక్కు లండను పెట్టుబడిదారుల చేతిలోనికి పోయి, 1897లో అశాంతి గోల్డ్‌ఫీల్డ్స్ కంపెనీ ఏర్పడెను. అనగా పల్లెవాని గొయ్యి దారి చూపినది. కంపెనీ ఆ దారిని నడచినది. సర్వే శాఖ పుట్టిన పిదప దాని పటములును ప్రధానముగా కంపెనీలకే ఉపకరించినవి. 1930ల తొలి సంవత్సరములలో ఆఫ్రికనులు పాదరసము ఉంచుకొనుటను, వాడుటను నిర్బంధించు శాసనము వచ్చెను. దానివలన స్వదేశీయుల చిన్నగనులు చట్టమునకు వెలి యయ్యెను. ప్రజారోగ్యముపై మమకారముచే పుట్టిన శాసనము కాదది. కంపెనీ గనులకు కూలీలు కరవు కాకుండుటకు ఉపకరించినదని చరిత్రకారులు వ్రాసియున్నారు.

1957లో ఘనా స్వతంత్ర దేశమైనది. అయినను చిన్న బంగారుగనులకు చట్టసమ్మతి లభించుటకు మరి మూడు దశాబ్దములకు పైగా పట్టినది. 1989లో అచ్చటి ప్రభుత్వము చిన్నగనులకు అనుమతుల పద్ధతిని ఏర్పరచి, పాదరసపు కొనుగోలును క్రమబద్ధముచేసి, బంగారమును కొనుటకు ప్రభుత్వ సంస్థను నెలకొల్పెను. 2006 నాటి ఖనిజచట్టము చిన్నగనుల హక్కును ఘనా పౌరులకే పరిమితము చేసి, వారికై ప్రత్యేక క్షేత్రములను కేటాయించు అధికారమును మంత్రికి ఇచ్చినది. చిన్నగనిదారునకు సాధారణముగా లభించు నేల 25 ఎకరములకు మించదు. కాగితముపై ఈ ఏర్పాటు లోపము లేనిదిగనే తోచును.

ఆచరణమున జరిగినది వేరు. అనుమతి లేని త్రవ్వకమును అచ్చట గలంసే యందురు. పోగుచేసి అమ్ముకొనుట అను అర్థముగల ఇంగ్లీషు మాటలు జనుల నోట నలిగి ఈ రూపము దాల్చినవి. దేశపు బంగారములో మూడవవంతును, కొన్ని సంవత్సరములలో అంతకు మించియు, చిన్నగనులనుండియే వచ్చుచుండగా, పది లక్షలకు పైబడిన జనులు వాటిపై ఆధారపడియున్నారు. వారిలో అధికసంఖ్యాకులకు అనుమతి పత్రము లేదు. కోకో తోటలు గోతులైనవి. 2013లో విదేశీయుల అక్రమ త్రవ్వకములపై దండెత్తిన ప్రభుత్వము నాలుగువేలకు పైగా చైనా దేశీయులను వెళ్లగొట్టెను. 2017లో చిన్నగనులనన్నిటిని నిలిపివేసి సైన్యమును పంపెను. ఆ నిషేధము 2018 డిసెంబరు వరకు సాగినది. అయినను నదులు తేటపడలేదు. 2024 ఆగస్టులో ప్రా నదిపై నున్న ఒక నీటిశుద్ధి కేంద్రమునకు, 2,000 ప్రమాణముల బురదను తట్టుకొనునట్లు నిర్మించిన యంత్రములకు, 14,000 ప్రమాణముల బురదనీరు వచ్చుచున్నదని అచ్చటి నీటి సంస్థ ప్రకటించెను. కేప్‌కోస్టు మున్నగు పట్టణములకు త్రాగునీరు కొరవడెను.

సైన్యము చేతకానిదని గాని, చట్టము చాలదని గాని చెప్పి ఊరకుండుట సులభము. కాని మూలమున ఒక చిన్న విషయము కలదు. అనుమతి పత్రము తీసికొన్న శ్రామికునకు ప్రభుత్వము 25 ఎకరములు చూపినది; ఆ 25 ఎకరములలో బంగారము ఉన్నదో లేదో చెప్పలేదు. పెద్ద కంపెనీ త్రవ్వకమునకు పూర్వము ఏండ్ల తరబడి మట్టిని పరీక్షించును. బరమాలు దింపి లోతులనుండి రాతికడ్డీలను తీయును. వాటిని ప్రయోగశాలకు పంపును. ఇందుకు కావలసిన ధనమును వాటాల విపణిలో సేకరించును. పది చోట్ల వెదకి తొమ్మిదింట ఓడినను పదియవచోట ఆ నష్టమును పూడ్చుకొనును. చిన్నగనిదారునకు పదియవ అవకాశము లేదు. అప్పు తెచ్చి మొదటి గొయ్యి త్రవ్వును. దానిలో ఏమియు లేకున్నచో రెండవ గోతికి అప్పు పుట్టదు. అప్పుడతడు చట్టము చూపిన నేలను విడిచి, బంగారము తప్పక దొరకునని అందరికిని తెలిసిన చోటికి పోవును. ఆ చోటు నదీగర్భమో, అభయారణ్యమో, కంపెనీ హద్దులోని నేలయో అగుచుండును. అతని అక్రమవర్తనమున దురాశ కొంత ఉండవచ్చును. అజ్ఞానము వలన కలిగిన నిస్సహాయతయే ఎక్కువ.

వర్షము ఎప్పుడు కురియునో తెలిసికొనుటకు ప్రతి రైతును ఒక పరిశోధనాలయము పెట్టుకొమ్మని ఏ ప్రభుత్వమును చెప్పదు. వాతావరణ శాఖ ఆ పనిని అందరి పక్షమున చేయును. భూసారపరీక్ష కేంద్రములు మట్టిని పరీక్షించి ఫలితమును రైతు చేతిలో పెట్టును. చిన్నగనిదారుని విషయమున భూతత్త్వ సర్వే చేయవలసినది సరిగా ఇట్టి పనియే.

ఆ పనిలో మొదటిది నేలను ఎంచుట. బంగారమంతయు ఒక్క తీరుగా ఉండదు. ఏటిగులకలో, పూర్వపు ఏటిగట్లలో రేణువులుగా కొట్టుకొనివచ్చి నిలిచిన బంగారమును నీటితో కడిగి పట్టవచ్చును. పలుగురాతి సిరలలోని బంగారమునకు రాయిని పగులగొట్టవలెను. ఎండకు, వానకు శివిలి మెత్తబడిన పైపొర కొన్ని చోట్ల పదుల మీటర్ల లోతువరకు ఉండును. అంతవరకు చేతిపనిముట్లు చాలును. దాని అడుగున గట్టిరాయి తగులును. ఒబువాసి ప్రాంతపు శిలలలో కొంత బంగారము పాషాణధాతువుతోను గంధకముతోను కూడిన ఖనిజములలో కంటికి కానరానంత సూక్ష్మముగా ఇమిడియున్నది. అట్టిదానిని చేతితో తీయుట అసాధ్యము. ఏ నేలలో మెత్తని పొర ఎంత లోతున్నది, బంగారపు రేణువు ముతకదా, సన్ననిదా అను రెండు సంగతులను చెప్పగలిగినచో వేలాది దినముల శ్రమ వృథా కాకుండును. 2016 చట్టముచే ఘనా భూతత్త్వ సర్వే స్వయంప్రతిపత్తిగల సంస్థగా రూపొందినది. చిన్నగనులకు కేటాయింపదలచిన కొన్ని క్షేత్రములను ముందుగా దానిచే పరీక్షింపజేయు పద్ధతియు మొదలైనది. కావలసిన నేలతో పోల్చినచో పరీక్షింపబడిన నేల స్వల్పము.

రెండవది పాదరసమును మాన్పించుట. పొడిచేసిన రాతిలో పాదరసమును కలిపినచో అది బంగారమును తనలో పట్టుకొనును. ఆ ముద్దను కాల్చినచో పాదరసము ఆవిరియై పోవును, బంగారము మిగులును. ఆ ఆవిరిని పీల్చినవాని నరములు చెడును. నేలపై పడి నీటిలో చేరినది చేపల ద్వారా మనుష్యుల దేహములలో ప్రవేశించును. మానవులు వాయుమండలములోనికి విడుచుచున్న పాదరసములో మూడవవంతునకు పైగా చిన్న బంగారుగనులనుండియే వచ్చుచున్నదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2018లో అంచనా వేసినది. 2013లో కుదిరి 2017లో అమలునకు వచ్చిన మినమాతా ఒడంబడిక ఈ వాడుకను తగ్గించుటకు, సాధ్యమైనచోట మాన్పించుటకు దేశములను కట్టుబడునట్లు చేసినది. కాని మానుమని చెప్పుట చాలదు, బదులు చూపవలెను. రేణువు ముతకదైనచో వాలుబల్లలపై నీటితో కడుగుట, వెలిగారమును కలిపి కరగించుట వంటి మార్గములు కలవు. ఏ రాతికి ఏ మార్గము పొసగునో తేల్చునది ఆ రాతిని పరీక్షించిన ప్రయోగశాలయే. ఊరూర ఒకే పద్ధతిని బోధించిన హితోపదేశకులు పెక్కుచోట్ల విఫలులగుటకు కారణమిదియే.

మూడవది ప్రాణరక్షణ. 2010లో నైజీరియా దేశపు జంఫారా రాష్ట్రమున పసిపిల్లలు మూర్ఛలు వచ్చి వరుసగా మరణించుచుండిరి. తొలుత దానిని జ్వరమనుకొనిరి. వైద్యులు రక్తమును పరీక్షింపగా మితిమీరిన సీసము కనబడెను. ఆ పల్లెలవారు బంగారము కొరకు తెచ్చిన రాతిలో సీసపు ఖనిజము సమృద్ధిగా ఉండెను. ఆ రాతిని పిండిమరలలో విసరుటచే ధూళి ఇండ్ల ముంగిళ్లలో, బావులలో, పిల్లల చేతులలో చేరెను. నాలుగువందలకు పైగా పిల్లలు మరణించిరి. ఆ తల్లులు తమ పిల్లలకు అన్నము సంపాదించుటకే ఆ రాతిని విసరిరి. ఏ సిరలో సీసమున్నదో ముందుగా పరీక్షించి, ఈ రాతిని ఇంటికి తేవలదని ఒక్క మాట చెప్పగల శాఖ చేరువలో నుండి యుండినచో, ఆ విపత్తు ఇంతగా ప్రబలియుండెడిది కాదు. రాతి పగుళ్లు ఎటు వాలినవో, నీరు ఎంత లోతున ఊరునో చెప్పుటచే గోతులు కూలుటను సైతము కొంతవరకు నివారింపవచ్చును.

ఇచ్చట భూతత్త్వజ్ఞుడు దాతగాను, శ్రామికుడు యాచకునిగాను తోచవచ్చును. నిజమునకు ఇచ్చిపుచ్చుకొనుట ఉభయులకును కలదు. అనంతపురము సీమలోని వజ్రకరూరు పరిసరములలో తొలకరి వాన కురిసిన వెంటనే కూలీలు, రైతులు పొలములలో వంగి వజ్రములకై వెదకుట నేటికిని కలదు. ఏ చేనులో ఏ రంగు మట్టి తేలినప్పుడు రాయి దొరకునో వారికి తరతరాల ఎరుక. వజ్రములకు మాతృకయైన కింబర్‌లైటు శిలలు భూతత్త్వజ్ఞులచే గుర్తింపబడినది ఆ సీమలోనే. ఒబువాసిలో పాతగోతులు కంపెనీకి దారి చూపుటయు ఇట్టిదే. గని శ్రామికుని గొయ్యి ఒక తెరచిన పుస్తకము వంటిది; దానిలోనికి దిగి చూచి వ్రాసికొనినచో పటము మరింత నిజమగును. అందులకు పటము శ్రామికుని భాషలో మాటలాడవలెను. ఇంగ్లీషున అచ్చయి, రాజధానిలో వెలకు అమ్మబడు పటము త్రవ్వువానికి లేనిదానితో సమానము. ఊరి పాఠశాల గోడపై ఆ ప్రాంతపు శిలాపటము వ్రేలాడి, ఉపాధ్యాయుడు దానిని చదువుట నేర్పినచో, గనికి పోవు తండ్రికి బడికి పోవు బిడ్డయే దారి చెప్పగలడు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. బంగారమున్న చోటు బయటపడినచో శ్రామికునికంటె ముందుగా ధనికుడే అచ్చటికి చేరునని కొందరు చెప్పుదురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. ఘనాలో పలుగుల స్థానమున పెద్ద త్రవ్వుయంత్రములు దిగినవి; వాటి వెనుక నున్న పెట్టుబడిదారులు పల్లెవారి పేరిట అనుమతులు తీసికొనిరి. కావున పటమును వెల్లడించుటకు ముందే నేలపై హక్కు ఎవరిదో తేల్చి వ్రాయవలెను. ఇచ్చట త్రవ్వవచ్చును అని చెప్పు శాఖయే ఇచ్చట త్రవ్వరాదు అనియు నిర్భయముగా చెప్పవలెను. నదీగర్భము, ఊటబావుల చేరువ, కోకో పండు మేలైన నేల ఆ రెండవ పట్టికలో చేరవలెను. పటము నిశ్చయమును ఈయదు, సంభావ్యతను మాత్రమే చూపును అనుట మరియొక ఆక్షేపణ. అదియు నిజమే. సర్వే చూపిన చోటను గోతులు కొన్ని వట్టివగును. కాని నూటికి తొంబది గోతులు వట్టిపోవుటకును, నూటికి ఏబది పోవుటకును నడుమ ఒక కుటుంబము అప్పులలో మునుగుటయో, తేలుటయో ఉన్నది.

2025లో ఘనా ప్రభుత్వము చిన్నగనుల బంగారమునంతను కొనుటకు గోల్డ్‌బోర్డు అను నూతన సంస్థను చట్టముచే నెలకొల్పినది. బంగారపు ధర ఆ సంవత్సరమున మున్నెన్నడును లేనంత ఎత్తునకు పోయెను. కొనువాడు సిద్ధము, ధర సిద్ధము, పలుగు పట్టినవాడును సిద్ధము. ఈ మూడింటి ఒత్తిడిచే గోతులు పెరుగుట తథ్యము. అవి ఎచ్చట పెరుగవలెను, ఎచ్చట పెరుగరాదు అను ప్రశ్నకు మాత్రము అంగడిలో సమాధానము దొరకదు. బంగారమును కొనుటకు వెచ్చించు ధనములో స్వల్పభాగమును నేలను పరీక్షించుటకు వెచ్చించినచో నదులకును, శ్రామికులకును మేలు. గని తరిగిపోవునట్టి ఆస్తి. ఒకమారు సక్రమముగా గీచిన పటము వంద ఏండ్ల తరువాతను పనికివచ్చును. 1915లో కిట్సన్ వ్రాసికొనిన మాటయే అందులకు సాక్ష్యము.

బిరిమ్ నది పేర శిలలకు నామకరణము జరిగి శతాబ్దము గడచినది. ఆ శిలల ఆకృతి, వయస్సు, పుట్టుక నేడు ప్రపంచమునందలి విద్యార్థులు చదువుకొనుచున్నారు. ఆ నది ఒడ్డుననే గోతిలో మోకాటిలోతు బురదలో నిలిచి కంకరను కడుగుచున్నవాడు మాత్రము వాటి పేరైనను వినియుండడు. తాను నిలుచున్న గోతిలో పని సాగింపవలెనో, మానవలెనో అతనికి సాయంకాలములోగా తెలియవలెను. ఆ మాటను అతనికి చేర్చగల జ్ఞానము ఆ దేశమున ఇప్పటికే కొంత కలదు. అది కార్యాలయపు బీరువానుండి ఆ నది ఒడ్డునకు నడచి రావలసియున్నది.